దంతసిరికి బీమా ఉందా?

పోయిన సంక్రాంతికి మా ఇంట్లో సకినాలు చేశాం. కొత్త బియ్యం పిండిలో నువ్వులు, వాము కలిపి, తెల్ల బట్ట మీద చుట్టలు చుట్టి, ఆరాక నూనెలో వేశాం. మందమర్రి నుంచి మా అవ్వ వచ్చింది. సకినం చుట్టడంలో ఆమెకు ఆమే సాటి. కానీ తినేటప్పుడు మాత్రం ఒక్క సకినం చేతిలో పట్టుకుని, చాయలో ముంచి, మెత్తబడేదాకా చూసింది. "చేసే చెయ్యి ఉన్నది గని దంతసిరి లేదు బిడ్డా" అని నవ్వింది. నవ్వేటప్పుడు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అది చూశాక నా నోట్లో ఉన్న సకినం గొంతు దిగలేదు.

ఆ మరుసటి నెలే మావారికి దవడ పన్ను సలుపు మొదలైంది. లవంగం పెట్టుకున్నారు, ఉప్పు నీళ్లు పుక్కిలించారు. నాలుగు రాత్రులు నిద్ర లేకపోయేసరికి డాక్టరు దగ్గరికి వెళ్లక తప్పలేదు. రూట్ కెనాల్‌కు 4,500, పైన తొడుగుకు 4,000, మొత్తం 8,500 రూపాయలయింది. "పోనీలే, మనకు హెల్త్ పాలసీ ఉందిగా" అని ధైర్యంగా కట్టేశాం. పాలసీ తీసుకున్నప్పుడు ఏజెంటు మా వాకిట్లో కూర్చుని, "కండ్లు, పండ్లు అన్నీ వస్తయి వదినా, మీరు ఫికర్ చెయ్యకుండ్రి" అని చెప్పిన మాట నాకింకా చెవుల్లోనే ఉంది.

బిల్లులు పంపించాం. ఇరవై రోజులకు ఇంగ్లీషులో ఉత్తరం వచ్చింది. ఇంటర్ చదివే మా అబ్బాయి చదివి చెప్పాడు: "ఆసుపత్రిలో చేరకుండా చేయించుకున్న పంటి వైద్యానికి ఈ పాలసీ వర్తించదట అమ్మా." ఏజెంటును అడిగితే, "పండ్లంటే యాక్సిడెంట్ల ఊడితే అని నా మతలబు వదినా" అన్నాడు. పళ్లూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అని మావారు నవ్వేశారు గానీ, నాకు మాత్రం మనసొప్పలేదు. రూపాయి రూపాయి కూడబెట్టి ప్రీమియం కట్టేది మనం. అందులో ఏముందో చదవకపోవడం కూడా మన తప్పే కదా! అందుకే ఆ వారమంతా మధ్యాహ్నం పని అయ్యాక పాలసీ పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నాను. అర్థం కాని చోట మా అబ్బాయిని, పక్కింట్లో ఉండే రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగిని అడిగాను. నేను నేర్చుకున్నది మీతోనూ పంచుకుందామని ఈ నాలుగు మాటలు.

పాలసీలో పళ్లు ఎక్కడున్నాయి?

మొదట తెలుసుకోవలసింది ఇది. మన దేశంలో పళ్లకు మాత్రమే వేరుగా బీమా అనేది చాలా అరుదు. మనం తీసుకునే ఆరోగ్య బీమాలో ఎక్కువ భాగం, కనీసం 24 గంటలు ఆసుపత్రిలో చేరితే అయ్యే ఖర్చు కోసం ఉద్దేశించినవి. కొన్ని ఆపరేషన్లకు ఒక్క పూటలో ఇంటికి పంపినా ఇస్తారు, దాన్ని డే కేర్ అంటారు. డాక్టరుకు చూపించుకుని, చీటీ రాయించుకుని, ఇంటికి వచ్చేసేది ఓపీడీ. పంటి వైద్యం నూటికి తొంభై పాళ్లు ఈ ఓపీడీ కిందికే వస్తుంది. కుర్చీలో పడుకోబెడతారు, గంటలో పంపించేస్తారు. పాలసీ ఆ కుర్చీ దాకా రాదన్నమాట!

పిప్పి పన్ను నింపడం, శుభ్రం చేయడం, రూట్ కెనాల్, తొడుగులు, కట్టుడు పళ్లు, పిల్లల పళ్లకు క్లిప్పులు, ఇవన్నీ మామూలు పాలసీలో బయటే ఉంటాయి. మరి లోపల ఉండేదేమిటి? ప్రమాదం వల్ల దవడకో, పళ్లకో దెబ్బ తగిలి ఆసుపత్రిలో చేరితే అయ్యే ఖర్చు.

దీనికి మా ఇంట్లోనే రుజువు ఉంది. రెండేళ్ల కింద మా తమ్ముడు మంచిర్యాల రోడ్డు మీద బండి మీంచి పడ్డాడు. దవడ ఎముక విరిగింది, ముందు పళ్లు రెండు ఊడాయి. ఆసుపత్రిలో చేర్చి దవడకు ప్లేటు వేశారు. ఆ ఖర్చు వాడి పాలసీలో వచ్చింది. తరువాత నాలుగు నెలలకు ఊడిన పళ్ల చోట కొత్తవి పెట్టించుకున్న ఖర్చు మాత్రం రాలేదు. మనిషి ఒకడే, నోరు ఒకటే, దెబ్బ ఒకటే. మొదటిది ఆసుపత్రి, రెండోది కుర్చీ. తేడా అంతే.

కంపెనీల మధ్య తేడాలు చూసి తికమక పడేవారి కోసం బీమా నియంత్రణ సంస్థ 2020 ఏప్రిల్ నుంచి ఆరోగ్య సంజీవని అనే ఒక నమూనా పాలసీ తెచ్చింది. ఏ కంపెనీలో తీసుకున్నా షరతులు ఒక్కటే, ప్రీమియం మాత్రం వేరు వేరు. ఇందులో ఒక మంచి సంగతి ఉంది. జబ్బు వల్లగానీ, దెబ్బ వల్లగానీ పంటి చికిత్స అవసరమై ఆసుపత్రిలో చేరితే ఆ ఖర్చు కూడా అందులో రాశారు. బిల్లులో నూటికి 5 రూపాయలు మాత్రం మనం పెట్టుకోవాలి. ఇది కూడా కుర్చీ వైద్యానికి కాదు, ఆసుపత్రి వైద్యానికే అని మరిచిపోవద్దు.

ఓపీడీ కావాలా? ముందు లెక్క వేయండి

ఇప్పుడు కొన్ని కంపెనీలు మామూలు పాలసీకి తోడు ఓపీడీని కూడా కలుపుతామంటున్నాయి. కొంచెం ఎక్కువ కట్టాలి. కొన్నింటిలో పళ్లు కూడా ఉంటాయి, కొన్నింటిలో డాక్టరు ఫీజు, మందులు, రక్తపరీక్షలు మాత్రమే ఉంటాయి. అడిగి రాయించుకోవాలి.

లెక్క ఎట్లా వేయాలో ఒక ఉదాహరణ చెబుతాను. ఏడాదికి 4,000 అదనంగా కట్టమన్నారనుకోండి. డాక్టరు ఫీజు, మందులు, పళ్లు అన్నీ కలిపి ఏడాదికి 5,000 దాకా ఇస్తామన్నారు. అంటే మొత్తం వాడుకున్నా మనకు మిగిలేది 1,000. వాడుకోకపోతే 4,000 పోయినట్టే. ఇంట్లో షుగరు, బీపీ ఉన్నవాళ్లు ఉండి, నెల నెలా డాక్టరు దగ్గరికి ఎలాగూ వెళ్లేవాళ్లయితే అది దండగ కాదు. అందరూ గట్టిగా ఉన్న ఇంటికి మాత్రం అది మన డబ్బే మనం చుట్టు తిప్పి తీసుకున్నట్టు.

బీమా అనేది ఎప్పుడు వస్తుందో తెలియని పెద్ద దెబ్బ కోసం. ఏడాదికి ఎంతో కొంత తప్పకుండా అయ్యే చిన్న ఖర్చుకు మన పోపుల పెట్టె పొదుపే మేలు. నాకు అర్థమైనంతలో ఇదే అసలు సూత్రం.

ఇంకో మాట. కొన్ని దంత వైద్యశాలలు ఏడాదికి ఇంత కడితే మా దగ్గర ఇంత తగ్గింపు అని కార్డులు ఇస్తాయి. అవి పనికిరావని కాదు, కానీ అవి బీమా కావు. ఆ వైద్యశాల మూతపడినా, ఊరు మారినా కార్డు చెల్లదు. మొదలు ధర పెంచి తరువాత తగ్గించారేమో కూడా చూసుకోవాలి. ఇంకో చోట అడిగి చూస్తే తెలిసిపోతుంది.

ఎవరికి ఏది?

ఒంటరిగా ఉండే పిల్లలకు: హైదరాబాదులో హాస్టల్‌లో ఉండి ఉద్యోగం చేసే మన పిల్లలకు కంపెనీవాళ్లే గ్రూపు పాలసీ ఇస్తారు. అందులో పళ్లకు ఏమైనా ఉందా అని వాళ్లను అడగమనండి. కొన్నింటిలో ఏడాదికి ఇంత అని ఉంటుంది. వాడుకోకుండానే ఏడాది గడిపేస్తారు! జ్ఞాన దంతం వచ్చే వయసు కూడా అదే. ఇంకొకటి, ఉద్యోగం మానిన రోజు ఆ పాలసీ కూడా పోతుంది. కాబట్టి సొంతంగా చిన్న పాలసీ ఒకటి ఉండటం మంచిది.

సంసారులకు: కుటుంబమంతా కలిపి ఒకే మొత్తం ఉండే ఫ్యామిలీ ఫ్లోటరు చవకగా వస్తుంది. అయితే అందులో ఓపీడీ కలిపితే ఆ మొత్తం ఒక్కొక్కరికా, అందరికీ కలిపా అని అడగండి. నలుగురికి కలిపి 5,000 అంటే మనిషికి 1,250. పిల్లల పళ్ల క్లిప్పులను అందం కోసం చేయించుకునే వాటిలో వేసి తీసేసేవాళ్లే ఎక్కువ. ఆడపిల్ల పళ్లు ఎత్తుగా ఉన్నాయి, పెళ్లినాటికి సరి చేయిద్దామనుకునే తల్లులు బీమా మీద ఆశ పెట్టుకోకుండా ఇప్పటి నుంచే కొంత దాచుకోవాలి.

రిటైరైన పెద్దలకు: ఇదివరకు 65 ఏళ్లు దాటితే కొత్త పాలసీ ఇవ్వడం కష్టంగా ఉండేది. 2024 ఏప్రిల్ నుంచి ఆ వయసు అడ్డు తీసేశారు. అంతకుముందే ఉన్న జబ్బులకు ఆగవలసిన కాలాన్ని కూడా నాలుగేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గించారు. 2025 జనవరిలో ఇంకో ఆదేశం ఇచ్చారు: అరవై దాటినవారి ప్రీమియం ఏడాదికి నూటికి 10 కంటే ఎక్కువ పెంచాలంటే కంపెనీ ముందుగా నియంత్రణ సంస్థతో సంప్రదించాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి సొంతంగా తీసుకునే ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ కూడా ఎత్తేశారు. మన నోట్లో పన్నుకు బీమా దొరక్కపోయినా, బీమా మీద పన్ను మాత్రం పోయింది!

ఇంట్లో ఉన్న కార్డులు బయటికి తీయండి

కొత్త పాలసీ కొనేముందు బీరువాలో ఉన్న కార్డులన్నీ ఒకసారి తీసి చూడండి.

ఆరోగ్యశ్రీ 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైంది. తెలంగాణలో 2023 డిసెంబరు 9న దాన్ని 10 లక్షలకు పెంచారు. కట్టుడు పళ్లకు కాదు గానీ, నోటి క్యాన్సరు లాంటి పెద్ద జబ్బుకు అది పెద్ద దిక్కు. 70 ఏళ్లు దాటిన వాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా 5 లక్షల దాకా వైద్యం అందించే ఆయుష్మాన్ కార్డును 2024 అక్టోబరు 29న తెచ్చారు. అదీ ఆసుపత్రిలో చేరితేనే.

ప్రైవేటు కంపెనీల్లో, కార్ఖానాల్లో చిన్న జీతానికి పనిచేసేవాళ్లకు ఈఎస్ఐ ఉంటుంది. 2017లో జీతం హద్దు 21,000 చేశారు. దీని గొప్పతనం ఏమిటంటే ఓపీడీ వైద్యం కూడా ఇందులో ఉంది, కుటుంబానికీ వర్తిస్తుంది. పంటి డాక్టరు ఏ డిస్పెన్సరీలో ఉన్నారో, లేకపోతే ఎక్కడికి పంపుతారో అడగండి. కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల వైపు బీడీలు చుట్టే అక్కచెల్లెళ్లకు గుర్తింపు కార్డు మీద బీడీ కార్మికుల దవాఖానాల్లో చూస్తారు. సింగరేణిలో రిటైరైన వాళ్లకు, ప్రభుత్వ ఉద్యోగులకు, పింఛనుదారులకు వేరే వైద్య పథకాలున్నాయి. మా బాపుకు కూడా కంపెనీ మెడికల్ కార్డు ఉంది. అందులో అవ్వ పేరూ ఉంది. పళ్లకు ఏమొస్తుంది అని ఇన్నేళ్లలో మేం ఒక్కసారైనా అడిగితే కదా!

కార్డు లేకున్నా దారి ఉంది. జిల్లా కేంద్రాల్లోని పెద్ద సర్కారు దవాఖానాల్లో దంత విభాగం ఉంటుంది. దంత వైద్య కళాశాలల్లో బయటికంటే తక్కువ ఖర్చులో చేస్తారు. విద్యార్థులు చేసినా పైన ప్రొఫెసర్లు చూస్తారు, కాకపోతే ఎక్కువసార్లు తిరగాలి. హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. మన వైపు వాళ్లకు దగ్గరగా నిజామాబాదులో ఒక ప్రైవేటు దంత కళాశాల ఉంది.

అమెరికాలో అంతా బీమాయేనా?

"అక్కడ పళ్లకు వేరే బీమా ఉంటది పిన్నీ" అని డాలస్‌లో ఉండే మా అక్క కూతురు చెబుతుంటుంది. నిజమే. అక్కడ 1954లో పడమటి తీరం ఓడరేవుల్లో పనిచేసే కార్మికుల సంఘం తమ పిల్లల పళ్ల కోసం మొదలుపెట్టిన పథకం నుంచి ఇది పెరిగిందట. మన బొగ్గు బాయి కార్మికుల్లాంటి వాళ్లే అన్నమాట. అక్కడి పాలసీల్లో పళ్లు శుభ్రం చేయడానికి దాదాపు అంతా, నింపడానికి చాలా భాగం, తొడుగులకు సగం ఇవ్వడం మామూలు. కానీ ఏడాదికి ఇంత అని హద్దు ఉంటుంది, అది దాటితే సొంత డబ్బే. అరవై అయిదు దాటిన వాళ్లకు అక్కడి ప్రభుత్వం ఇచ్చే మెడికేర్‌లో కూడా మామూలు పంటి వైద్యం లేదు. అందుకే సెలవులకు వచ్చినప్పుడు మన దగ్గర పళ్లు చేయించుకుని పోయేవాళ్లు ఎంతమందో!

పిల్లల దగ్గరికి ఆరు నెలలు వెళ్లే పెద్దలు విమానం ఎక్కకముందే ఇక్కడ పళ్లన్నీ చూపించుకుని వెళ్లండి. సందర్శకుల బీమాలో పాత పంటి బాధకు మామూలుగా ఏమీ రాదు.

సంతకం పెట్టేముందు

ఒకటి, పాలసీతో పాటు ముఖ్య విషయాల పత్రం ఒకటి ఇస్తారు. అది తెలుగులో కావాలని అడిగే హక్కు మనకుంది. అందులో ఏవి రావో రాసిన భాగం మొదట చదవండి.

రెండు, "పళ్లకు వస్తుందా?" అని అడగవద్దు. "ఆసుపత్రిలో చేరకుండా రూట్ కెనాల్ చేయించుకుంటే వస్తుందా? ఏ పేజీలో ఉంది?" అని అడగండి. నేను అడగవలసిన ప్రశ్న అదే.

మూడు, మొదటి 30 రోజుల్లో ప్రమాదాలకు తప్ప ఇవ్వరు. పాలసీ తీసుకున్న మర్నాడే వాడుకుందామనుకోవద్దు.

నాలుగు, షుగరు, బీపీ, తంబాకు అలవాటు ఏదీ దాచకండి. దాచినది బయటపడితే అవసరం వచ్చినప్పుడే ఎదురు తిరుగుతుంది.

అయిదు, పాలసీ చేతికి వచ్చాక 30 రోజుల్లోగా నచ్చలేదని తిరిగి ఇచ్చెయ్యవచ్చు. కొద్దిగా కోసుకుని మిగతాది ఇస్తారు. ఈ సంగతి మాకు తెలిసి ఉంటే ఎంత బాగుండేది!

ఆరు, అన్యాయంగా కాదన్నారనిపిస్తే ఏ షరతు కింద కాదన్నారో రాతపూర్వకంగా అడగండి. కంపెనీ వినకపోతే 155255 నంబరుకు ఫోను చేయవచ్చు. ఆ పైన హైదరాబాదులో బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఖర్చు లేదు, వకీలు అక్కర్లేదు. కాదన్న ఏడాదిలోపు వెళ్లాలి. మా 8,500 సంగతి మాత్రం నేను వదిలేశాను. షరతు స్పష్టంగా రాసి ఉంది, చదవనిది మేమే. నోటి మాటకు రుజువేదీ?

ఆదాయపు పన్ను పాత పద్ధతిలో కట్టేవాళ్లకు ప్రీమియం మీద 25,000 దాకా, అరవై దాటినవాళ్లకు 50,000 దాకా మినహాయింపు ఉంది. పాలసీ లేని పెద్దల విషయంలో వైద్య ఖర్చుకే ఆ మినహాయింపు అడగవచ్చు. బిల్లులు దాచుకోండి, నగదు కాకుండా బ్యాంకు ద్వారా కట్టండి.

చివరికి మేం ఏం చేశాం?

ఆసుపత్రి పాలసీ అలాగే ఉంచుకున్నాం. ఓపీడీ కలపలేదు. దాని బదులు బ్యాంకులో నెలకు 350 చొప్పున ఏడాది రికరింగ్ డిపాజిట్ నా పేరున మొదలుపెట్టాను. ఏడాదికి 4,200, వడ్డీ వేరు. మా పిల్లలు దానికి పళ్ల డబ్బా అని పేరు పెట్టారు. ఆరు నెలలకోసారి అందరం పళ్లు చూపించుకుంటున్నాం. చిన్న రంధ్రంగా ఉన్నప్పుడు నింపితే వందల్లో పోతుంది, నరం దాకా పోతే వేలల్లో అవుతుంది. మావారి పన్ను మొదట్లో చూపించి ఉంటే అంత అయ్యేది కాదని డాక్టరు చెప్పారు.

ఆ డబ్బా మొదటి ఖర్చు అవ్వదే. కొంత బాపు వేశాడు, కొంత నేను, తమ్ముడు వేశాం. ఒక దంత కళాశాలకు తీసుకెళ్తే, పళ్ల కొలతలకంటే ముందు అక్కడి డాక్టరమ్మ బుగ్గ లోపల లైటు వేసి చూసింది. అవ్వ ఏళ్ల తరబడి తంబాకు పెట్టే చోట తెల్లటి మచ్చ ఉంది. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఆ పది రోజులు మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. ఫలితం వచ్చింది: క్యాన్సరు కాదు, కానీ తంబాకు మానకపోతే ముందు ముందు కావచ్చు. అవ్వ అక్కడే డబ్బీ తీసి నా చేతిలో పెట్టింది.

అప్పుడనిపించింది. పళ్లకు బీమా ఉందా లేదా అని నేను ఇన్నాళ్లు వెతికాను. కానీ అవ్వ నోరు తెరిపించి చూసింది మాత్రం బీమా కాదు, కట్టుడు పళ్లు. అక్కయ్యలూ, చెల్లెళ్లూ! నోట్లో రెండు వారాలు దాటినా మానని పుండు గానీ, తెల్ల మచ్చ గానీ, ఎర్ర మచ్చ గానీ ఉంటే నొప్పి లేదని ఊరుకోకండి. ఇంట్లో పెద్దవాళ్లను కూచోబెట్టి టార్చి వేసి చూడండి. దానికి ప్రీమియం లేదు.

కొత్త పళ్లు పెట్టిన మొదటి వారం అవ్వకు మెత్తగా పెసరపప్పు కిచిడి, చల్లార్చిన రాగి జావ, మజ్జిగన్నం పెట్టాను. రెండో వారం జొన్న రొట్టెను పప్పులో నానబెట్టి ఇచ్చాను. నెల తిరిగేసరికి నానబెట్టకుండానే తింటోంది.

నిన్న ఫోను చేసి, "ఈసారి సకినాలకు నువ్వులు జర ఎక్కువ పోయ్ బిడ్డా" అంది.